క్విల్టింగ్ కాటన్ కొనేముందు, కోసేముందు: డిజైనర్ గుడ్డ నాణ్యత తేల్చుకునే పద్ధతి

"గజం 14 డాలర్లు పెట్టి కొన్నానండీ, ఇది మంచిదేనా?" అంటూ ఫోటోలు పంపేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఫోటో చూసి గుడ్డ సంగతి చెప్పడం ఎవరి తరమూ కాదు. వెలుతురుకి పట్టాలి, నలపాలి, తూచాలి, తడపాలి, రెండు ముక్కలు కుట్టి లాగి చూడాలి. ఆ వరుసంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. అంచు మీద ఉండే డిజైనర్ పేరు ఆ బొమ్మ ఎవరు గీశారో చెబుతుంది, అంతే. కింద ఉన్న గుడ్డ ఎలాంటిదో చెప్పదు. మీ క్విల్ట్ (గుడ్డ ముక్కలు కలిపి కుట్టే బొంత) ఇరవయ్యేళ్ళు ఉంటుందా, రెండేళ్ళకే చిరుగుతుందా అన్నది ఆ గుడ్డ మీదే ఆధారపడి ఉంటుంది.

నాలుగేళ్ళ క్రితం మా అక్క మనవరాలి కోసం తెలుపు, ఎరుపు ముక్కలతో ఒక క్విల్ట్ కుట్టాను. మూడు నెలల పని. మొదటి ఉతుకులో ఒకే ఒక్క ఎర్ర గుడ్డ దాని చుట్టూ ఉన్న తెలుపునంతా గులాబీ చేసేసింది. 32 రకాల గుడ్డలు వాడితే 31 రకాలు మంచివే. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ ఎరుపు నేను పరీక్షించలేదు, పేరు చూసి నమ్మాను.

1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. చాలావరకు ఇంట్లో ఉండేవే.

- గ్రాముల్లో చూపించే వంటింటి తూకం
- భూతద్దం, లేదా బాగా దగ్గరగా ఫోటో తీయగల ఫోన్
- సన్నటి గుండుసూది, స్కేలు, టేపు
- ఉతికినా చెరగని పెన్ను
- గాజు గ్లాసు, గిన్నెలు తోముకునే లిక్విడ్ సబ్బు
- తెల్ల పేపర్ టవల్, ఒక తెల్ల కాటన్ ముక్క
- కుట్టుమిషన్‌కి 80/12 నంబరు కొత్త సూది
- నోటుబుక్, స్టేప్లర్

పెద్ద క్విల్ట్ తలపెడితే ముందు అర గజమో, 18 బై 22 అంగుళాల ఫ్యాట్ క్వార్టరో కొని పరీక్షించండి. ఫలితం బాగుంటే మాత్రం ఆలస్యం చేయకుండా మొత్తం గుడ్డ ఒకేసారి తీసుకోండి. అదే డిజైన్ మళ్ళీ అచ్చు వేసినప్పుడు రంగులో తేడా వస్తుంది. పక్కపక్కన కుట్టినప్పుడు గానీ ఆ తేడా కంటికి కనిపించదు.

2. అంచు చదవడం

గుడ్డకి రెండు పక్కలా ఉండే గట్టి అంచును సెల్వేజ్ అంటారు. అందులో ఒక పక్క తయారీ కంపెనీ పేరు, డిజైనర్ పేరు, కలెక్షన్ పేరు, వరసగా రంగు చుక్కలు ఉంటాయి. స్క్రీన్ ముద్రణలో ఒక్కో చుక్క ఒక్కో స్క్రీన్‌కి గుర్తు. 14 చుక్కలుంటే 14 రంగులు విడివిడిగా అచ్చు వేశారన్నమాట. కేఫ్ ఫాసెట్, టూలా పింక్ లాంటివాళ్ళ డిజైన్లలో రంగులు ఎక్కువ కాబట్టి చుక్కలూ ఎక్కువే. చుక్కలు ఎక్కువ ఉన్నంత మాత్రాన గుడ్డ మంచిదని కాదు. అన్ని స్క్రీన్లు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి కాబట్టి, అచ్చు తప్పే అవకాశం కూడా అక్కడే ఎక్కువ.

డిజైనర్ పేరు కన్నా కంపెనీ పేరు జాగ్రత్తగా రాసుకోండి. డిజైనర్లు కంపెనీలు మారతారు. బొమ్మల తీరు వాళ్ళతో పాటు వెళ్తుంది, గుడ్డ వెళ్ళదు.

ఇంకో సంగతి. ఒకే బొమ్మ రకరకాల గుడ్డల మీద వస్తుంది. రైఫిల్ పేపర్ కో పూల డిజైన్లు క్విల్టింగ్ కాటన్ మీదా వచ్చాయి, రేయాన్ మీదా వచ్చాయి, కాన్వాస్ మీదా వచ్చాయి. గుడ్డ తాను చివర అట్ట మీద లేబుల్ ఉంటుంది. దాని మీద "100 శాతం కాటన్" అని, పన్నా 44 లేక 45 అంగుళాలని ఉందో లేదో చూడకుండా కోయించుకోవద్దు.

3. షాపులో నిలబడే చేయగలిగిన పరీక్షలు

ఐదు నిమిషాలు చాలు. కౌంటర్ దగ్గర మొహమాటపడకండి. క్విల్ట్ షాపుల్లో గుడ్డను పట్టి చూడటాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు.

వెలుతురు: తాను ఒక వరస విప్పి కిటికీ వైపు పట్టుకోండి. పడుగు (పొడవు), పేక (అడ్డం) పోగుల మధ్య సందులు ఒకే తీరుగా ఉండాలి. మధ్యమధ్య లావు పోగులు, సన్నబడిన పోగులు, ముళ్ళు కనిపిస్తే పక్కన పెట్టండి. చేనేతలో అక్కడక్కడ వచ్చే లావు పోగు అందమే. మిల్లు గుడ్డలో, అదీ అంచు నుంచి పావు అంగుళంలో వేసే కుట్టు మీద నిలబడాల్సిన పనిలో, అది బలహీనత.

నలపడం: ఒక మూల గుప్పిట్లో పది సెకన్లు గట్టిగా నలిపి వదలండి. మంచి కాటన్‌కి ముడతలు పడతాయి, కానీ అవి మెత్తగా ఉంటాయి. కాగితం మడతల్లా పదునుగా నిలబడితే గంజి దట్టంగా పట్టించారని అర్థం. ముడతే పడకపోతే పాలిస్టర్ కలిసి ఉండొచ్చు, లేదా ముడతలు పడకుండా రసాయనాల పూత వేసి ఉండొచ్చు.

రుద్దడం: గుడ్డను దాని మీదే మడిచి 20 సార్లు రుద్దండి. తెల్ల పొడి రాలితే అది గంజే. నూగు లేచి చిన్న ఉండలు కడితే పొట్టి పీచు పత్తి వాడారు. ఉతికేకొద్దీ ఆ నూగు పెరుగుతుంది.

వెనక్కి తిప్పడం: రంగు వెనక్కి ఎంత దిగిందో చూడండి. దీని గురించి ముద్రణ దగ్గర మళ్ళీ చెబుతాను.

నీడ: లేత రంగు గుడ్డ కింద ఏదైనా నల్ల ముక్క పెట్టండి. నల్ల అంచు స్పష్టంగా పైకి కనిపిస్తే, రేపు క్విల్ట్‌లో లోపలి కుట్టు మడతలు కూడా అలాగే కనిపిస్తాయి.

నేత వంకర: రెండు అంచులు కలిపి పట్టుకుని గుడ్డను కిందికి వేలాడదీయండి. కింద మడత నిటారుగా దిగాలి. మెలి తిరిగితే గుడ్డ వంకరగా చుట్టి ఉంది, లేదా నేత పక్కకి లాగి ఉంది. గీతలు, గళ్ళు ఉన్న డిజైన్లకు ఈ పరీక్ష తప్పనిసరి. ఇంటికి వచ్చాక అంచు దగ్గర చిన్న గాటు పెట్టి అడ్డంగా చింపండి. చిరుగు పేక పోగు వెంట వెళ్తుంది. అచ్చు వేసిన గీత ఆ చిరుగు నుంచి పన్నా మొత్తంలో అర అంగుళం దాకా పక్కకి జరిగితే నేను సర్దుకుంటాను. అంతకుమించితే ఆ గుడ్డను చిన్న ముక్కలకే వాడతాను, బార్డర్‌కి వాడను.

4. పోగుల లెక్క, బరువు

మన తెలుగువాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

అమెరికాలో క్విల్టింగ్ కాటన్ గురించి 60 బై 60 అంటే, అంగుళానికి 60 పడుగు పోగులు, 60 పేక పోగులు అని అర్థం. రాబర్ట్ కాఫ్‌మన్ కంపెనీ కోనా కాటన్ ఈ లెక్కకే వస్తుంది. డిజైన్లు అచ్చు వేసే గుడ్డలు చాలావరకు 60 నుంచి 78 మధ్య ఉంటాయి.

ఇండియాలో హోల్‌సేల్ లిస్టుల్లో "60×60 / 92×88 కేంబ్రిక్" అని చూస్తారు. ఇందులో మొదటి 60×60 పోగుల సంఖ్య కాదు, నూలు కౌంటు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. తర్వాత ఉన్న 92×88 అంగుళానికి పోగుల సంఖ్య. అంటే ఇది బాగా సన్నటి నూలుతో ఒత్తుగా నేసిన పలుచటి గుడ్డ. రెంటిలోనూ 60×60 అని కనిపించేసరికి "కోనాతో సమానం" అనుకుని తెప్పించుకుని, జాకెట్ లైనింగ్‌లా ఉందని బాధపడినవాళ్ళు నాకు తెలుసు. తప్పు గుడ్డది కాదు. ఆ కేంబ్రిక్ కుర్తీలకి చక్కగా పనికొస్తుంది. క్విల్టింగ్ కాటన్‌లో సగం బరువే ఉంటుంది కాబట్టి దాని పక్కన కుట్టడానికి పనికిరాదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కొందరు పడుగు, పేక రెండూ కలిపి చెబుతారు. 68 బై 68 గుడ్డనే "136 థ్రెడ్ కౌంట్" అంటారు. పోల్చేటప్పుడు రెండూ ఒకే పద్ధతిలో చెప్పారో లేదో చూసుకోండి.

మీరే లెక్కపెట్టాలంటే:

- గుడ్డను బల్ల మీద లాగకుండా పరవండి.
- స్కేలు పెట్టి ఒక సెంటీమీటరు గుర్తు పెట్టుకోండి.
- ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి, ఒక్కో పోగూ లెక్కపెట్టండి. భూతద్దం అయితే గుండుసూది మొనతో ఒక్కో పోగూ దాటుకుంటూ వెళ్ళండి.
- సెంటీమీటరుకు 24 వస్తే అంగుళానికి సుమారు 60. 27 వస్తే 68. 30 వస్తే 76.
- పడుగు వైపు, పేక వైపు విడివిడిగా చేయండి. రెంటికీ బాగా తేడా ఉంటే గుడ్డ ఒక వైపు సాగుతుంది.

ముదురు రంగు గుడ్డ మీద లెక్కపెట్టడం కష్టం. అంచు దగ్గర తెల్లగా వదిలిన చోట చేయండి. మరీ చివర వద్దు, అక్కడ పోగులు ఒత్తుగా ఉంటాయి.

పోగుల సంఖ్య ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. సన్నటి నూలుతో ఎక్కువ పోగులు వేస్తే లాన్ అనే పలుచటి గుడ్డ అవుతుంది. లిబర్టీ టానా లాన్ అలాంటిదే, గొప్ప గుడ్డ, కానీ వేరే జాతి. అందుకే బరువు కూడా చూడాలి.

దీనికొక సులువు ఉంది. 44 అంగుళాల పన్నాలో ఒక గజం వైశాల్యం సుమారు 1.02 చదరపు మీటర్లు. అంటే గజం గుడ్డ మడిచి వంటింటి తూకం మీద పెడితే ఎన్ని గ్రాములు చూపిస్తే దాదాపు అదే దాని జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు). ఫ్యాట్ క్వార్టర్ అయితే వచ్చిన బరువును 4తో గుణించండి, కొద్దిగా ఎక్కువ చూపిస్తుంది గానీ మన పనికి చాలు.

- 130 నుంచి 150: క్విల్టింగ్ కాటన్‌కి సరైన బరువు. కోనా ఇందులో పై అంచున ఉంటుంది.
- 110 నుంచి 130: పలుచన. గోడకి వేలాడదీసేవాటికి, చిన్న ముక్కల పనికి వాడొచ్చు.
- 90 లోపు: లాన్, కేంబ్రిక్, వాయిల్ రకాలు.
- 170 దాటితే: పరుపు మీద వేసే గుడ్డలు, కాన్వాస్ వైపు వెళ్తోంది. కుట్టు మడతలు లావుగా వస్తాయి.

ఆ తూకంతోనే గంజి కూడా పట్టుకోవచ్చు. ఉతకకముందు ఒకసారి, ఉతికి పూర్తిగా ఆరాక ఒకసారి తూచండి. 3, 4 శాతం తగ్గితే నేను పట్టించుకోను. 10 శాతం దాటి తగ్గితే మనం గుడ్డతో పాటు గంజికి కూడా డబ్బు కట్టినట్టే.

5. ముద్రణ చూడటం

అచ్చు తప్పడం: పువ్వు రేకుకీ దాని గీతకీ మధ్య సన్నటి తెల్ల సందు ఉందా, లేక ఒక రంగు ఇంకో రంగు మీదికి ఎక్కిందా చూడండి. ఒక చోట కాదు, తాను పొడవునా మూడు నాలుగు చోట్ల చూడాలి. ఒక మీటరు బాగుండి తర్వాతి మీటరులో స్క్రీన్ జరిగిపోయి ఉండొచ్చు. వెంట్రుకవాసి తేడా క్విల్ట్‌లో కలిసిపోతుంది. చేతి పొడవు దూరంలోంచి కూడా కనిపిస్తే వద్దు.

రంగు ఎక్కడ ఉంది: వెనక వైపు కూడా రంగు బాగా కనిపిస్తే అది నూలులోకి దిగింది. వెనక తెల్లగా ఉండి ముందు పెయింట్‌లా పూసినట్టుంటే పిగ్మెంట్ ముద్రణ. పిగ్మెంట్ చెడ్డదేమీ కాదు, ఎండకి బాగా నిలుస్తుంది కూడా. కాకపోతే రాపిడికి అరిగిపోతుంది. గోటితో గట్టిగా గీకితే తెల్ల గీత పడుతోందంటే, మడతల దగ్గర ఆ క్విల్ట్ త్వరగా వెలిసిపోతుంది.

డిజిటల్ ముద్రణలో నీటిరంగు చిత్రాల్లాంటి సన్నటి ఛాయలు బాగా వస్తాయి. ముదురు రంగుల్లో ఒక లోపం తరచుగా చూశాను. గుడ్డను కొద్దిగా సాగదీస్తే పోగుల సందుల్లోంచి తెలుపు బయటపడుతుంది. కొనేముందు రెండు వేళ్ళతో లాగి చూడండి.

తెలుపు మీద తెలుపు అచ్చు వేసిన గుడ్డల్లో ఆ పూత మందంగా ఉంటుంది. సూది గుచ్చి తీస్తే రంధ్రం అలాగే నిలబడిపోతుంది. చేత్తో క్విల్టింగ్ చేసేవాళ్ళకి వేళ్ళు నొప్పి పుడతాయి. బంగారు, వెండి మెరుపులున్న గుడ్డలకి ఇస్త్రీ వెనక నుంచే చేయాలి.

బాతిక్ (మైనం అద్ది రంగు వేసే గుడ్డ) సంగతి వేరు. అక్కడ గుడ్డకే రంగు వేస్తారు కాబట్టి రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, నేత బాగా ఒత్తుగా ఉంటుంది. మిషన్ మీద 70/10 పదును సూది వాడితే హాయిగా కుట్టొచ్చు. ముదురు బాతిక్ ఉతుకులో రంగు దిగే అవకాశం మాత్రం ఎక్కువే.

6. నీళ్ళ పరీక్ష

ఇది మానేసే నేను నష్టపోయాను. మీరు మానేయకండి. ఎరుపు, ముదురు నీలం, నలుపు, ముదురు ఊదా అయితే ఏ కంపెనీదైనా సరే చేసి తీరాలి.

రంగు దిగడం:

- రెండంగుళాల ముక్క కోయండి.
- గాజు గ్లాసులో వేడినీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి అందులో ముంచండి.
- అరగంట ఆగి, గ్లాసు వెనక తెల్ల కాగితం పెట్టి నీళ్ళ రంగు చూడండి.
- తడి ముక్కను పిండకుండా తెల్ల కాటన్ ముక్క మీద పరిచి అలాగే ఆరనివ్వండి.
- ఆరాక తెల్ల ముక్క మీద మరక పడిందా చూడండి.

నీళ్ళు రంగుగా మారినా తెల్ల ముక్కకి అంటకపోతే, ఆ గుడ్డను ఒకటి రెండు సార్లు విడిగా ఉతికి వాడొచ్చు. తెల్ల ముక్కకి అంటితే మళ్ళీ మళ్ళీ వేడినీళ్ళలో ఉతికి, మళ్ళీ పరీక్షించాలి. మూడు ఉతుకుల తర్వాత కూడా అంటుతుంటే నేను ఆ గుడ్డను తెలుపు పక్కన పెట్టను. దానికి వేరే పని చూస్తాను.

రంగు అంటడం: ఇది వేరే జబ్బు. పొడి తెల్ల గుడ్డతో పది సార్లు, తడి తెల్ల గుడ్డతో పది సార్లు రుద్దండి. తడి గుడ్డకి కాస్త అంటడం మామూలే. పొడి గుడ్డకి కూడా అంటుతోందంటే పైన మిగిలిపోయిన రంగును సరిగా కడగలేదన్నమాట. కుట్టేటప్పుడు మీ వేళ్ళకీ, పక్క ముక్కలకీ కూడా అంటుతుంది.

కొత్త బట్టను ఉప్పునీళ్ళలోనో, వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్ళలో ఒక నమ్మకం. మా అమ్మా అలాగే చేసేది. రంగు వేసేటప్పుడు ఉప్పు పనికొచ్చే మాట నిజమే. రంగువేసి అమ్మకానికి వచ్చిన గుడ్డలో పట్టు లేకుండా మిగిలిన రంగును మాత్రం ఉప్పు పట్టి ఉంచలేదు. దాన్ని వేడినీళ్ళతో బయటికి కడిగేయడమే మార్గం.

గుంజుకోవడం:

- 12 అంగుళాల ముక్క కోసి, లోపల సరిగ్గా 10 అంగుళాల చదరం చెరగని పెన్నుతో గీయండి. పడుగు వైపు బాణం గుర్తు పెట్టండి.
- మీరు పూర్తయిన క్విల్ట్‌ను ఎలా ఉతుకుతారో సరిగ్గా అలాగే ఉతకండి. డ్రయ్యర్ వాడేవాళ్ళు డ్రయ్యర్‌లోనే ఆరబెట్టండి.
- లాగకుండా ఇస్త్రీ చేసి, రెండు వైపులా కొలవండి.

9.7 అంగుళాలు వస్తే 3 శాతం గుంజుకున్నట్టు. అక్కడి వరకు మామూలే. 5 శాతం దాటితే ఉతక్కుండా కోయొద్దు. అసలు చూడాల్సింది గుడ్డల మధ్య తేడా. అన్నీ 3 శాతం గుంజుకుంటే క్విల్ట్ మొత్తం ఒకేలా ముడతలు పడి అందంగానే ఉంటుంది. ఒకటి 2, పక్కది 6 శాతం గుంజుకుంటే ఆ కుట్టు దగ్గర గుడ్డ ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బు ఇస్త్రీతో పోదు.

ప్రతి పరీక్ష ముక్కనూ నోటుబుక్‌లో స్టేపుల్ చేసి పక్కన కంపెనీ పేరు, కలెక్షన్ పేరు, బరువు, గుంజుకున్న శాతం, రంగు దిగిందా లేదా రాసుకోండి. ఏడాది తిరిగేసరికి మీకు ఏ కంపెనీ గుడ్డ నప్పుతుందో ఆ పుస్తకమే చెబుతుంది.

7. కుట్టి చూడటం

ఐదంగుళాల ముక్కలు రెండు తీసుకోండి. పావు అంగుళం మార్జిన్, కుట్టు పొడవు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. కుట్టి, మడత ఒక పక్కకి ఇస్త్రీ చేసి, కుట్టుకి రెండు వైపులా పట్టుకుని గట్టిగా లాగండి. కుట్టు వెంట పోగులు విడిపోయి నిచ్చెన మెట్లలా కనిపిస్తే గుడ్డ వదులు నేత. మూడేళ్ళ పిల్లాడు లాక్కుని తిరిగే క్విల్ట్‌కి అది పనికిరాదు.

తర్వాత ఆ కుట్టు విప్పండి. సూది రంధ్రాలను గోటితో సవరదీస్తే మూసుకోవాలి. మూసుకోకపోతే ముందు సూది మార్చి చూడండి, మొద్దుబారిన సూది వల్ల మంచి గుడ్డకీ చెడ్డపేరు వస్తుంది.

కోసిన అంచును పది సార్లు వేలితో రుద్దండి. రెండు మూడు పోగులు ఊడటం సహజం. పావు అంగుళంలో సగం దాకా ఊడిపోతే మార్జిన్ మిగలదు.

8. ముందే కోసి అమ్మే ప్యాకెట్లు

జెల్లీ రోల్ రెండున్నర అంగుళాల పట్టీలు, చార్మ్ ప్యాక్ ఐదు అంగుళాల చదరాలు, లేయర్ కేక్ పది అంగుళాల చదరాలు. వీటిని పరీక్షించడం కష్టం, ఉతికితే అంచులు ఊడిపోతాయి. కలెక్షన్‌లోని ముదురు రంగు ముక్క ఒకటి వదులుకుని గ్లాసు పరీక్ష చేయండి. అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి కదా, కొలత పన్ను మొన దగ్గర నుంచా, లోపలి గుంట దగ్గర నుంచా అనేది మీ ప్యాకెట్‌లో కొలిచి చూసుకున్నాకే కుట్టు మొదలుపెట్టండి.

9. ముట్టుకోకుండా కొనాల్సి వస్తే

2025లో అమెరికాలో జోఆన్ అనే గుడ్డల షాపులన్నీ మూతపడ్డాక చాలా ఊళ్ళలో గుడ్డ పట్టి చూసే చోటే లేకుండా పోయింది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నేను చూసేవి ఇవి.

- కంపెనీ పేరు, కలెక్షన్ పేరు రెండూ రాశారా. "డిజైనర్ కాటన్" అని మాత్రమే ఉంటే వదిలేయండి.
- అంచు ఫోటో ఉందా. లేకపోతే అడగండి, నిజాయితీగా అమ్మేవాళ్ళు పంపుతారు.
- బరువు ఔన్సుల్లో ఇస్తే, చదరపు గజానికి ఇన్ని ఔన్సులు అన్నదాన్ని 34తో గుణిస్తే జీఎస్ఎం వస్తుంది. 4.35 ఔన్సులంటే సుమారు 147.
- వాడుకోదగిన పన్నా ఎంత. లేబుల్ మీద 44 ఉన్నా అంచులు తీసేస్తే 42 మిగలొచ్చు. రెండున్నర అంగుళాల చదరాలు 44లో 17 వస్తాయి, 42లో 16 మాత్రమే. పెద్ద క్విల్ట్‌లో ఆ ఒక్కటీ కలిసి అర గజం తక్కువవుతుంది. లెక్కలెప్పుడూ 42తో వేసుకోండి.
- మామూలుగా 13, 14 డాలర్లుండే గుడ్డ సగం ధరకి వస్తుంటే పాత కలెక్షన్ కావచ్చు, అది మంచి బేరమే. కొత్త కలెక్షన్ సగం ధరకి వస్తుంటే మాత్రం ముందు ఫ్యాట్ క్వార్టర్ తెప్పించండి.

10. మన బట్టలతో కలిపేటప్పుడు

పెడన కలంకారినీ, మంగళగిరి కాటన్‌నీ, అమ్మ పాత చీరనూ డిజైనర్ గుడ్డలతో కలిపి కుట్టాలని చాలామందికి ఉంటుంది. నాకూ అదే ఇష్టం. కాకపోతే వాటికి పరీక్షలు వేరు.

పెడన కలంకారి అని అమ్మేదంతా చెక్క అచ్చులతో వేసింది కాదు. స్క్రీన్ మీద వేసినవీ ఆ పేరుతోనే వస్తాయి. చెక్క అచ్చులో ఒక్కో పువ్వూ పక్క పువ్వుకి అచ్చంగా ఒకేలా ఉండదు, అచ్చులు కలిసే చోట చిన్న తేడాలుంటాయి. ఇక్కడ ఆ తేడా లోపం కాదు. సహజ రంగులతో వేసిన గుడ్డను మెత్తటి సబ్బుతో విడిగా రెండు మూడు సార్లు ఉతకండి. నిమ్మరసం, వెనిగర్ తగలనివ్వొద్దు. ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే నలుపు కాలం గడిచేకొద్దీ ఆ గీతలున్న చోటే గుడ్డను చివికిపోయేలా చేస్తుంది. అందుకని దళసరి నల్ల డిజైన్లను క్విల్ట్ అంచుల్లో కాకుండా మధ్యలో వాడండి.

మంగళగిరి గుడ్డ క్విల్టింగ్ కాటన్ కన్నా పలుచన. ఉతికాక వెనక సన్నటి ఫ్యూజింగ్ (వేడికి అతుక్కునే పలుచటి పొర) ఇస్త్రీతో అతికిస్తే బరువు సరిపోతుంది.

పాత చీరను వెలుతురుకి పట్టి, రెండు బొటనవేళ్ళతో లాగి చూడండి. పిగిలే చోట్లు సుద్దతో గీసి వదిలేయండి. కింది అంచు, కూర్చునే చోట అరుగుతాయి. పమిట చెంగు, లోపలికి దోపే చుట్టు సాధారణంగా గట్టిగా ఉంటాయి.

పీచు మీద అనుమానం ఉంటే నాలుగు పోగులు తీసి, సింకు దగ్గర పట్టుకారుతో పట్టుకుని కాల్చండి. పత్తి కాగితం వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాటు

కొన్ని ఉతికినవి, కొన్ని ఉతకనివి కలిపి కోశారు: ఇంకా కుట్టకపోతే, ఉతకని ముక్కల మీద ఆవిరి ఇస్త్రీ బాగా పట్టించి కొలత మళ్ళీ సరిచేయండి. ఉతికినంత ఫలితం రాదు గానీ చాలావరకు తేడా తగ్గుతుంది.

ఉతికాక గుడ్డ మెత్తబడి కోతకి నిలవడం లేదు: గంజి స్ప్రే చేసి, ఆరాక ఇస్త్రీ చేసి కోయండి. ఇంట్లో వాడే పలుచటి గంజి కూడా సరిపోతుంది. పూర్తయ్యాక ఉతికేయాలి, గంజి ఉన్న గుడ్డను అలాగే దాచిపెడితే పురుగులు పడతాయి.

పలుచటి గుడ్డ అప్పటికే క్విల్ట్ పైభాగంలో చేరిపోయింది: ఆ ముక్క మీద క్విల్టింగ్ గీతలు దగ్గరదగ్గరగా, ఒకటిన్నర అంగుళాలకు ఒకటి వచ్చేలా వేయండి. లాగుడు బలం గుడ్డ మీద పడకుండా కుట్టు మీద పడుతుంది.

గీతల డిజైన్ నేతకి వంకరగా అచ్చయింది: చిన్న ముక్కలకి అచ్చు గీత వెంట కోయండి, కంటికి అదే నిటారుగా కనిపిస్తుంది. అంచులు కొద్దిగా సాగుతాయి కాబట్టి గంజి పెట్టండి.

పూర్తయిన క్విల్ట్‌లో రంగు దిగింది: గుండె జారిపోతుంది, తెలుసు. క్విల్ట్‌ను ఆరనివ్వకండి, డ్రయ్యర్‌లో అసలే వేయకండి. తడిగా ఉండగానే స్నానాల తొట్టిలోనో, పెద్ద టబ్బులోనో బాగా వేడినీళ్ళు నింపండి. గిన్నెల లిక్విడ్ సబ్బు అర కప్పు కలిపి, క్విల్ట్ ఎక్కడా పైకి తేలకుండా పూర్తిగా ముంచి 12 గంటలు వదిలేయండి. నీళ్ళు ఎంత ఎక్కువ ఉంటే, వదిలిన రంగు మళ్ళీ తెలుపు మీద అంటుకోకుండా అంత తేలిగ్గా బయటికి వస్తుంది. నీళ్ళు రంగుగా ఉంటే పారబోసి మళ్ళీ మొదటి నుంచి చేయండి. మా అక్క మనవరాలి క్విల్ట్‌కి నాలుగు సార్లు చేయాల్సి వచ్చింది. నాలుగోసారి నీళ్ళు తేటగా వచ్చాక, నీడపట్టున పరిచి ఆరబెట్టాను.